దాచుకోనక్కరలేని ఇల్లు

మాక్లూర్‌లో బస్సెక్కి నిజామాబాదు బస్టాండులో దిగి, అక్కడ హైదరాబాదు వైపు పోయే బస్సు పట్టుకుంటే కాసేపటికే డిచ్‌పల్లి వస్తుంది. మీలో చాలామంది ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు. డిచ్‌పల్లి అంటే కొందరికి పాత రామాలయం గుర్తుకు వస్తుంది. ఈ కాలపు పిల్లలకు 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం గుర్తుకు వస్తుంది. కాని మీ ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి. వారికి ముందుగా గుర్తుకు వచ్చేది పెద్దరోగం దవాఖాన. ఆ మాట చెప్పేటప్పుడు వారి గొంతు కొంచెం తగ్గుతుంది కూడా.

అలా గొంతు తగ్గించి పలికే మాటలు మన ఇళ్లలో ఎన్నో ఉన్నాయి. ఫలానా వారికి ఫలానా జబ్బు ఉందట. ఫలానా వారి అబ్బాయి గల్ఫ్ నుండి చేతిలో చిల్లిగవ్వ లేకుండా తిరిగివచ్చాడట. ఫలానా వారి అమ్మాయి అత్తగారింటి నుండి వచ్చి మళ్లీ వెళ్లలేదట. ఈ మాటలు వంటింట్లో చెప్పుకుంటాం, నలుగురిలో చెప్పుకోం. మన సంగతి పూర్తిగా తెలిస్తే ఎవరూ మనల్ని దగ్గరికి రానివ్వరని మనసు లోపల ఒక భయం. ఈ వారం ఆ భయం గురించి, దానికి మన విశ్వాసం ఇచ్చే జవాబు గురించి, ఆ జవాబుకు గుర్తుగా మన జిల్లాలోనే జీవించిన ఒక డాక్టరమ్మ గురించి మీతో మాట్లాడాలని ఉంది.

మోక్షంలో మనకు దొరికేది ఏమిటి?

ఆదివారం దివ్యపూజలో నిత్యజీవాన్ని విశ్వసిస్తున్నామని అందరం కలిసి చెబుతాం. నవంబరు 2వ తేదీన సమాధుల తోటకు వెళ్లి కొవ్వొత్తులు వెలిగించి, మన పెద్దల కోసం ప్రార్థిస్తాం. మోక్షంలో ఏముంటుందని మీ పిల్లలు అడిగితే మీరేం చెబుతారు? ఆకలి ఉండదు, నొప్పి ఉండదు, కన్నీళ్లు ఉండవు, చనిపోయిన నాయనమ్మను మళ్లీ చూస్తాం అని చెబుతారు. అదంతా నిజమే. కాని తిరుసభ వీటన్నిటికంటే ముందుగా చెప్పే మాట ఇంకొకటి ఉంది. మోక్షంలో మనం సర్వేశ్వరుణ్ణి ముఖాముఖిగా చూస్తాం. 1336లో పన్నెండవ బెనెడిక్ట్ పాపుగారు ఈ సత్యాన్ని తిరుసభ బోధనగా స్థిరపరిచారు.

ముఖాముఖిగా చూడడమంటే ఒకవైపు చూపు కాదు. మనం ఆయనను చూస్తాం, ఆయన మనలను చూస్తాడు. పునీత పౌలు కొరింతు సంఘానికి వ్రాసిన మొదటి జాబులో, ప్రేమను గురించిన పదమూడవ అధ్యాయం చివర ఈ సంగతే చెబుతారు. ఇప్పుడు మసక అద్దంలో చూసినట్లు చూస్తున్నాం, అప్పుడు దేవుడు మనలను ఎంతగా ఎరిగి ఉన్నాడో అంతగా మనమూ ఎరుగుతాం అని ఆయన భావం. అంటే దేవుడు మనలను ఇప్పటికే పూర్తిగా ఎరుగును.

ఇది శుభవార్తేనా? ఒక్క నిమిషం ఈ పత్రికను పక్కన పెట్టి నిజాయితీగా ఆలోచించండి. భార్యకు తెలియని సంగతి భర్త దగ్గర ఒకటి ఉంటుంది. పిల్లలకు తెలియనిది తల్లి దగ్గర ఒకటి ఉంటుంది. పాపసంకీర్తనంలో కూడా గురువుగారికి చెప్పీ చెప్పనట్లు చెప్పినది ఒకటి ఉంటుంది. మనలను వేరునుండి చిగురుదాకా ఎరిగినవాడు ఎదురుగా నిలబడతాడంటే సంతోషం కంటే ముందు బెరుకే కలుగుతుంది. తొలి తల్లిదండ్రులు తోటలో చెట్లచాటున దాక్కొన్నది కూడా ఈ బెరుకుతోనే కదా. మన నిరీక్షణకు నడిబొడ్డు ఏదో దానికే మనం జడుస్తున్నాం. ఈ జడుపు ఆశగా ఎలా మారుతుంది? ఆ సంగతి తెలుసుకోవడానికి డిచ్‌పల్లికే పోదాం.

ఉత్తర దేశం నుండి ఇందూరుకు

ఆమె పేరు ఇసబెల్ కెర్. పుట్టింటి పేరు ఇసబెల్ గన్. స్కాట్లండ్ దేశపు ఈశాన్య భాగంలో 1875లో పుట్టారు. అంతకు రెండేండ్ల ముందే, 1873లో, నార్వే దేశంలో హాన్సెన్ అనే వైద్యుడు కుష్ఠువ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొన్నాడు. అంతవరకు లోకమంతా దానిని వంశపారంపర్యంగా వచ్చేదనో, శాపమనో అనుకొనేది. ఆ క్రిమి దొరికిన కాలంలోనే, దానితో జీవితాంతం పోరాడవలసిన బిడ్డ కూడా పుట్టింది.

ఆడపిల్లలు వైద్యం చదవడం అరుదైన ఆ రోజుల్లో ఇసబెల్ అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చేరి 1903లో డాక్టరు పట్టా పుచ్చుకొన్నారు. ఆ సంవత్సరమే రెవరెండ్ జార్జ్ కెర్ గారిని వివాహమాడారు. ఆయన వెస్లియన్ మెథడిస్టు సంఘానికి చెందినవారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ మహాదేవాలయాన్ని కట్టించినది ఆ సంఘపు మిషనే. 1907లో కెర్ దంపతులు హైదరాబాదు సంస్థానానికి వచ్చారు.

ఆమె మన తిరుసభ బిడ్డ కాదు కదా, మన పత్రికలో ఆమె కథ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. 1964లో రెండవ వాటికన్ మహాసభ క్రైస్తవ ఐక్యతను గురించి ఒక ప్రకటన చేసింది. మన నుండి వేరుగా ఉన్న సోదరులలో కనిపించే క్రీస్తు ప్రభువు వరాలను సంతోషంతో గుర్తించాలని అందులో మనకు నేర్పింది. అందుచేత సంతోషంతోనే గుర్తిద్దాం.

అప్పటి మన ప్రాంతాన్ని కాస్త ఊహించుకోండి. ఇందూరు పేరు నిజామాబాదుగా మారి రెండేండ్లే అయింది. రైలు అయితే వచ్చింది గాని, నిజాంసాగర్ ఇంకా లేదు. అది 1931 నాటికి గాని పూర్తి కాలేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 1937 నాటిది. ఎందరికో అన్నం పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడిన సంగతి మీకు తెలిసిందే. కాలువ నీళ్లు, ఫ్యాక్టరీ జీతాలు ఏవీ లేని ఆ రోజుల్లో, బీదవాడికి జబ్బు చేస్తే నాటు మందు, లేదంటే దేవుని దయ. కుష్ఠురోగికైతే ఆ రెండూ కూడా కరువే.

గుర్తుపట్టలేని ముఖం

ఈ జబ్బు మొదట ఏ బాధా పెట్టదు. ఒంటి మీద ఒక మచ్చ వస్తుంది. చుట్టూ ఉన్న చర్మం కంటే కొంచెం పాలిపోయి, లేదా కొంచెం ఎర్రబారి ఉంటుంది. దురద ఉండదు, నొప్పి ఉండదు. గిచ్చినా తెలియదు. బాధ లేదు గనుక దాచడం తేలిక. బీడీల చాట ముందు కూర్చున్న ఒక తల్లిని తలచుకోండి. మోచేతి పైన మచ్చ కనిపించింది. కొంగు కప్పుకొంటే సరిపోయింది. ఒక ఏడు గడిచింది, రెండేళ్లు గడిచాయి. ఆ మచ్చ కింద నరాలు మెల్లగా చచ్చిపోతున్నాయి. ఒకనాడు పొయ్యి మీది గిన్నె దించితే చేయి కాలిన సంగతి వాసన వచ్చేదాకా తెలియలేదు. ఆ తర్వాత వేళ్లు వంకర తిరుగుతాయి. అరికాలికి పుండు పడుతుంది. కొందరికి కనుబొమలు రాలిపోతాయి, ముక్కు దూలం కుంగిపోతుంది, రెప్పలు మూతపడవు.

అప్పుడు ఆ మనిషి ముఖం ఆ మనిషిది కాకుండా పోతుంది. చిన్ననాటి స్నేహితులు ఎదురుపడి కూడా గుర్తుపట్టరు. ఊరు గుర్తుపట్టేది మనిషిని కాదు, రోగాన్ని. పేరు పోయి రోగమే పేరవుతుంది. ఊరి బయట గుడిసె, దూరం నుండి వేసే అన్నం. మన ప్రాంతంలోనే కాదు, లోకమంతటా అంతే. పాత నిబంధన లేవీయ కాండం పదమూడవ అధ్యాయం చదవండి. కుష్ఠురోగి పాళెం వెలుపల ఉండాలి, తాను అశుద్ధుడినని తానే కేకవేసి చెప్పాలి. తన మచ్చను తానే చాటుకోవలసిన మనిషి బ్రతుకు ఎలా ఉంటుందో ఆలోచించండి. మన దేశంలో 1898లో తెల్లదొరల ప్రభుత్వం చేసిన కుష్ఠురోగుల చట్టం కూడా రోగిని వేరుపరచే దారిలోనే నడిచింది. ఆ చట్టాన్ని మన పార్లమెంటు రద్దు చేసింది 2016లో మాత్రమే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కుష్ఠువ్యాధి పాపఫలం కాదు. పుట్టుగుడ్డివానిని చూపి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, అతడిదీ కాదు, అతడి తల్లిదండ్రులదీ కాదు అని యేసు ప్రభువు తేల్చి చెప్పారు. నేను ఈ కథలో పోల్చేది జబ్బును పాపంతో కాదు. ఆ తల్లి దాచుకోవడాన్ని మనం దాచుకోవడంతో పోలుస్తున్నాను. దాచడానికి కారణం రెండు చోట్లా ఒకటే. చూపితే వెలి వేస్తారేమోనన్న భయం.

చూపించమన్న డాక్టరమ్మ

నిజామాబాదులో పనిచేస్తుండగా ఇసబెల్ కెర్ గారికి కుష్ఠురోగుల దుస్థితి కళ్లబడింది. వారికంటూ ఒక చోటు లేదు. 1911లో ఆమె నిజామాబాదులో వారికి వైద్యం మొదలుపెట్టారు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏడవ నిజాముగా గద్దెనెక్కిన సంవత్సరం అది. రోగుల సంఖ్య పెరిగి, ఉన్న చోటు చాలకుండా పోయింది. అప్పుడు రాజా నర్సా గౌడ్ అనే హిందూ దాత ముందుకు వచ్చి ధనసహాయం చేశారు. 1915 నాటికి డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠురోగుల ఆస్పత్రి నిలిచింది. స్కాట్లండ్ మెథడిస్టు డాక్టరమ్మ, తెలంగాణ హిందూ దాత, ముస్లిము ప్రభువు ఏలుబడి. అందరూ వెలివేసినవారి కోసం ఇందరు కలిశారు. సర్వేశ్వరుడు తన పని ఎవరెవరి చేత చేయించుకొంటాడో చెప్పలేం.

ఆ కాలంలో చాలాచోట్ల కుష్ఠురోగుల ఆశ్రమాలు ఉండేవి. అవి పుణ్యకార్యాలే. వేళ్లు పోయి, చూపు పోయి, భిక్షం ఎత్తలేని వారికి చావు వచ్చేదాకా కూడు, గూడు ఇచ్చేవి. డిచ్‌పల్లిలో అంతకు మించిన ఆలోచన జరిగింది. రోగిని దాచి ఉంచడానికి కాదు, బాగుచేసి ఇంటికి పంపడానికి ప్రయత్నించాలి. అలా జరగాలంటే రోగి ముందుగా రావాలి. ముఖం చెడిపోయాక, ఊరు తరిమాక కాదు. ఒక్క మచ్చ ఉన్నప్పుడే, ఇంకా దాచుకోగలిగిన రోజుల్లోనే రావాలి.

ఇది ఎంత కష్టమైన కోరికో గమనించండి. అన్నీ పోయినవాడికి చూపించడం కష్టం కాదు, దాచడానికి ఏమీ మిగలలేదు గనుక. ఇంకా పరువు ఉన్నవాడికి, ఊళ్లో ఇల్లు ఉన్నవాడికి, పెండ్లి కావలసిన కూతురు ఉన్నవాడికి కష్టం. అటువంటివాడు పెద్దరోగం దవాఖాన గడప తొక్కి, చొక్కా విప్పి, వీపు మీది మచ్చను డాక్టరుకు చూపాలి. డాక్టరు తల నుండి పాదాల దాకా చూడాలి. చెవి తమ్మెలు తడిమి చూడాలి, మోచేతి దగ్గర నరం వాచిందేమో వేలితో నొక్కి చూడాలి. ఎవరూ ముట్టని ఒంటిని ముట్టుకోవాలి. డాక్టరు కంటికి ఏదీ దాగకూడదు. కాని ఆ కంట్లో అసహ్యం ఉండకూడదు. అసహ్యం కనిపించిన మరుక్షణం రోగి చొక్కా వేసుకొని వెళ్లిపోతాడు, మళ్లీ రాడు.

ప్రియ పాఠకులారా, మోక్షాన్ని గురించిన మన ఆశకు ఇంతకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు. పూర్తిగా చూసే కన్ను, పూర్తిగా ప్రేమించే కన్ను ఒకటే అయినప్పుడు ఆ చూపుకు భయపడనక్కరలేదు. భయపడవలసింది ఆ రెండూ వేరైనప్పుడు. ఊరివారి కన్ను మచ్చను చూస్తుంది, ప్రేమించదు. అద్దం ముందు మన కన్ను మనల్ని ప్రేమిస్తుంది, మచ్చను చూడదు. సర్వేశ్వరుని కన్ను రెండూ చేస్తుంది.

నూనె సూది

అప్పట్లో ఉన్న మందు ఒక అడవి చెట్టు గింజల నుండి తీసిన నూనె. చాల్‌మోగ్రా నూనె అనే పేరుతో మన దేశపు వైద్యులకు పూర్వం నుండి తెలిసినదే. కడుపులోకి ఇస్తే వాంతులు అయ్యేవి. ఆ జాతికే చెందిన మరొక చెట్టు నూనెను సూది ద్వారా ఎక్కించే పద్ధతి తరువాత వ్యాపించింది. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ దానిని బాగా ప్రచారం చేశారు. డిచ్‌పల్లిలో కెర్ దంపతులు ఆ వైద్యాన్ని చేపట్టారు. చిక్కని నూనె అది. సూది వేసిన చోట నొప్పి, వాపు. ఒకటి రెండు సూదులతో అయ్యేది కాదు, నెలల తరబడి వేయించుకోవాలి. అయినా రోగులు వచ్చి చేయి చాపారు. మచ్చలు తగ్గి ఇంటికి వెళ్లినవారు ఉన్నారు. వెళ్లినవారిని చూసి మరికొందరు వచ్చారు. 1923లో ప్రభుత్వం కెర్ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చి గౌరవించింది.

ఈ నూనె సూదిని తలచుకొన్నప్పుడు నాకు ఉత్తరించు స్థలం గుర్తుకు వస్తుంది. మనలో చాలామంది దానిని చెరసాల అనుకొంటారు. శిక్ష తీరాక వదిలిపెడతారని భావిస్తారు. తిరుసభ చెప్పేది వేరు. దేవుని స్నేహంలో మరణించినవారు, ఇంకా శుద్ధి కావలసినది ఉంటే, ఆయనను చూడగలిగేలా శుద్ధి పొందుతారు. వారి రక్షణ నిశ్చయం. అంటే వారు ఆస్పత్రి లోపలికి వచ్చేశారు. డాక్టరు చేతుల్లో ఉన్నారు. సూది నొప్పి ఉంది, కాని అది బాగుచేసే నొప్పి. నవంబరులో మనం వెలిగించే కొవ్వొత్తులు, వారి కోసం చేయించే పూజలు, ఆస్పత్రిలో ఉన్న అన్నదమ్ముడికి ఇంటినుండి వచ్చిన సద్దిమూట వంటివి.

ఇసబెల్ కెర్ గారు 1932లో మరణించారు. అరవై ఏండ్లు కూడా నిండలేదు. కన్న దేశాన్ని విడిచి పాతికేండ్లు, అందులో ఎక్కువ భాగం మన జిల్లా కుష్ఠురోగుల మధ్య గడిపారు.

ఆమె పని వృథా అయిందా?

ఇప్పుడు ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఆమె అంతగా నమ్మిన నూనె వైద్యం నిలవలేదు. 1940 ప్రాంతంలో సల్ఫోన్ మందులు వచ్చాయి, డాప్సోన్ మాత్రలు వచ్చాయి. ఆ నూనె మూలపడింది. ఆ తర్వాత డాప్సోన్‌కు క్రిమి లొంగకపోవడం చూసి, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులను కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. నేడు ఆరు నెలలు, లేదా పన్నెండు నెలలు మందు వాడితే కుష్ఠువ్యాధి నయమవుతుంది. 2005 చివరి నాటికి మన దేశంలో రోగుల సంఖ్య పదివేల మందికి ఒకరి కంటే తక్కువకు చేరింది. ఇదంతా ఆమె చూడలేదు. ఆమె చేతిలో ఉన్నది సగం మందు.

మరి ఆమె చేసింది ఏమిటి? పూర్తి మందు చేతిలో లేకపోయినా, పూర్తి మనిషిని చూసింది. సగం మందుతోనే ఎందరినో గడప తొక్కేలా చేసింది. యేసు ప్రభువు కుష్ఠురోగిని బాగుచేసిన తీరును మార్కు సువిశేషం మొదటి అధ్యాయంలో గమనించారా? ప్రభువు మాటతోనే బాగుచేయగలడు. అయినా చేయి చాపి అతనిని ముట్టుకొన్నాడు. ముట్టుకొన్నప్పుడు అతడింకా కుష్ఠురోగే. శుద్ధుడయ్యాక కాదు, అశుద్ధుడిగా ఉండగానే ఆ స్పర్శ దొరికింది. చర్మం బాగుపడక ముందే అతడు ప్రేమ పొందాడు.

పునీత డామియన్ గురువుల కథ మీకు తెలుసు. 1873లో హవాయి దీవుల్లోని మొలొకాయికి వెళ్లి, వెలివేయబడిన కుష్ఠురోగుల మధ్య నివసించి, వారి జబ్బే తనకు సోకి 1889లో కన్నుమూశారు. ఆయన చేతిలో సగం మందు కూడా లేదు. పుండ్లు కడిగాడు, ఇళ్లు కట్టాడు, శవపేటికలు తన చేతులతో చేశాడు, ఒక్కొక్కరిని పేరుతో ఎరిగాడు. 2009లో తిరుసభ ఆయనను పునీతుడిగా ప్రకటించింది. మొలొకాయిలో ఆ కతోలిక గురువు, డిచ్‌పల్లిలో ఈ మెథడిస్టు డాక్టరమ్మ ఒకే చూపు చూశారు. అది వారి సొంత చూపు కాదు. ప్రభువు దగ్గర అప్పు తెచ్చుకొన్నది.

పునరుత్థానం తరువాత ప్రభువు తన గాయాలను దాచుకోలేదని గుర్తుంచుకోండి. మహిమ శరీరంలో కూడా అవి ఉన్నాయి. వాటినే తోమాసుకు చూపించాడు. మగ్దలా మరియ కన్నీళ్లలో ఆయనను తోటమాలి అనుకొన్నది. ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచాడు, అప్పుడు గుర్తుపట్టింది. మోక్షంలో జరగబోయేది కూడా ఇదేనని మన ఆశ. లోకం పెట్టిన పేర్లన్నీ రాలిపోతాయి. రోగి, అప్పులవాడు, తాగుబోతు, మొగుడు వదిలేసింది అనే పేర్లేవీ అక్కడ వినిపించవు. మనలను పుట్టించినవాడు మనలను మన పేరుతో పిలుస్తాడు. ముఖం పోగొట్టుకొని డిచ్‌పల్లి మట్టిలో కలిసిపోయినవారిని, వారి తల్లి కూడా గుర్తుపట్టలేనివారిని, ఆయన గుర్తుపడతాడు. వారి పేర్లు మనకెవరికీ తెలియవు. ఆయనకు ఒక్కటి కూడా తప్పిపోలేదు.

మన ఇండ్లలో

ఇంతవరకు చదివి, బాగుంది అనుకొని ఈ పత్రికను మడిచి పెట్టకండి. మీ కోసం మూడు చిన్న పనులు ఉన్నాయి.

మొదటిది శరీరానికి సంబంధించినది. కుష్ఠువ్యాధి పూర్తిగా పోలేదు. ఇప్పటికీ కొత్త రోగులు కనిపిస్తూనే ఉన్నారు. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ ఏదైనా ఉంటే దాచకండి. దగ్గరిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చూపించండి. మందు ఉచితం. ఇది అంత సులభంగా అంటుకొనే జబ్బు కాదు, ఎక్కువమంది శరీరాలకు దీనిని తట్టుకొనే శక్తి సహజంగానే ఉంది. ఆలస్యం చేస్తే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

రెండవది ఆత్మకు సంబంధించినది. ఈసారి పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడు, ఎప్పుడూ కొంగు కింద దాచే ఆ ఒక్క మచ్చను చూపించండి. గురువుగారి ముందు మోకరించినప్పుడు మీరు న్యాయస్థానంలో మాత్రమే లేరు, వైద్యుని ముందు కూడా ఉన్నారు. ఆ వైద్యునికి మీ మచ్చ ముందే తెలుసు. మీరు చూపించడం కోసం వేచి ఉన్నాడు.

మూడవది, నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది. మీ ఇంట్లో ఎవరు మిమ్మల్ని చూసి ఏదో దాచుకొంటున్నారు? గల్ఫ్ నుండి వట్టి చేతులతో వచ్చిన కొడుకు నిజం చెప్పడానికి ఎవరి ముఖం చూసి జంకుతున్నాడు? పుట్టింటికి తిరిగివచ్చిన కూతురు గుడిలో వెనుక స్తంభం దగ్గర ఎందుకు కూర్చుంటున్నది? మనం మోక్షంలో పొందాలని ఆశించే చూపును ఇక్కడ వారికి ఇవ్వకపోతే, మోక్షాన్ని వారు ఎలా నమ్ముతారు? మీరు వారి జబ్బుకు మందు ఇవ్వలేకపోవచ్చు. అప్పు తీర్చలేకపోవచ్చు. డాక్టరమ్మ చేతిలో కూడా సగం మందే ఉండేదని మరువకండి. ఈ రాత్రి అన్నం దగ్గర వారిని పక్కన కూర్చోబెట్టుకొని, అడగవలసింది మెల్లగా అడిగి, చెప్పింది వినండి. విన్న తర్వాత మీ ముఖం మారకుండా చూసుకోండి. వారు చూసేది మీ ముఖాన్నే.

ఈసారి మాక్లూర్ నుండి బయలుదేరి డిచ్‌పల్లి మీదుగా పోయేటప్పుడు, పక్కన పిల్లలుంటే ఆ దవాఖాన సంగతి చెప్పండి. గొంతు తగ్గించకుండా చెప్పండి. అక్కడ బ్రతికి, అక్కడే చనిపోయి, తలచుకొనే దిక్కులేని ఆత్మల కోసం ఒక పరలోక జపం, ఒక మంగళ వార్త జపం చెప్పుకోండి. ఆ డాక్టరమ్మ పేరు కూడా అందులో కలపండి.